పొద్దుటి పావిలికి పులుపెక్కువ

ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్ల మిద్దెల మీద సక్యులెంట్ల మోజు బాగా కనబడుతోంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన హవర్తియా, మెక్సికో కొండల ఎకెవేరియా చిన్న చిన్న కుండీల్లో వరసగా కూర్చుంటాయి. వేసవంతా బాగానే ఉంటాయి. ముసురు పట్టగానే మొదలు దగ్గర మెత్తబడి కుళ్లడం మొదలవుతుంది. ఎండుసీమల్లో పుట్టిన ఆ మొక్కలకు డెల్టా వానలు పడవు. వానకూ ఎండకూ కూడా తట్టుకుని, ఎవరూ నాటకుండానే మొలిచే మరుగుజ్జు సక్యులెంట్ మాత్రం ఈ నేల మీదే ఉంది. వట్లూరు ఊళ్లో ఇంటి ముందు గచ్చు పగుళ్లలో, కూరగాయ మళ్లలో, చేలగట్ల మీద, కొల్లేరు వైపు చేపల చెరువుల కట్టల మీద దాన్ని తొక్కుకుంటూ నడవని మనిషి ఉండడు.

పావిలి కూర. పాయల కూర అనేవాళ్లూ, గంగవాయిలి అనేవాళ్లూ ఉన్నారు. వృక్షశాస్త్రంలో పోర్చులాకా ఒలరేసియా. 1753లో లిన్నేయస్ తన మొక్కల గ్రంథంలో పెట్టిన పేరు ఇది. పోర్చులాకా అనేది మొత్తం ప్రజాతికి పేరు. అందులో వందకు పైగా జాతులున్నాయి. దాదాపు అన్నీ నేలబారు మొక్కలే: జానెడు ఎత్తుకు మించి లేవనివి, కాండమూ ఆకులూ నీటితో ఉబ్బి ఉండేవి, ఎండ కాస్తేనే పూచేవి.

ఒకప్పుడు ఈ ప్రజాతి కుటుంబం చాలా పెద్దది. సీమ బచ్చలిగా పెరళ్లలో పెరిగే టాలినంతో సహా ఎన్నో ప్రజాతులు పోర్చులాకేసీలో ఉండేవి. డీఎన్ఏ చూడటం మొదలయ్యాక వాటి అసలు చుట్టరికాలు తేలాయి. ఒక్కొక్కటీ వేరే కుటుంబాల్లోకి వెళ్లిపోయింది. 2009 నాటి వర్గీకరణకల్లా పోర్చులాకేసీలో మిగిలింది పోర్చులాకా ఒక్కటే. ఇప్పుడది ఏకైక ప్రజాతి ఉన్న కుటుంబం. దానికి దగ్గరి బంధువుల్లో ముఖ్యమైనవి కాక్టస్‌లు. చేలగట్టు మీద ముళ్లతో నిలువెత్తు లేచే నాగజెముడుకూ, దాని కిందే పాకే పావిలికీ పూర్వీకులు ఒకరేనంటే నమ్మడం కష్టం. రెండింటి పూలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కష్టం కొంత తగ్గుతుంది. పలచని మెరిసే రేకులు, మధ్యలో గుబురుగా కేసరాలు, ఒక్క పూటతో ముగిసే ఆయుష్షు రెండింటికీ ఉన్నాయి.

ఈ ప్రాంతంలో ప్రధానంగా కనిపించేవి మూడు. మొదటిది పెద్ద పావిలి, అంటే ఒలరేసియా. కాండం ఎర్రగా, నున్నగా ఉంటుంది. ఆకు అట్లకాడ ఆకారంలో కొసన వెడల్పై, మొదట సన్నబడుతుంది. పసుప్పచ్చని పువ్వుకు సాధారణంగా 5 రేకులుంటాయి, ప్రతి రేకు కొసనా చిన్న నొక్కు ఉంటుంది. రెండోది సన్న పావిలి, పోర్చులాకా క్వాడ్రిఫిడా. ఇది ఇంకా చిన్నది. దారంలాంటి కాండం నేలను అంటుకుని పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లూనుతుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, రేకులు నాలుగే. పువ్వు కింద నాలుగు ఆకులు చుట్టుకుని ఉంటాయి, కణుపుల దగ్గర తెల్లని నూగు గుబురుగా కనబడుతుంది. మధ్యాహ్నం వేళ విచ్చుకుంటుందని దీనికే లిన్నేయస్ కొడుకు మెరిడియానా అని ఇంకో పేరు పెట్టాడు. పాత పేరు ముందే ఉండటంతో అది నిలవలేదు.

మూడోది పూల కోసం పెంచే గడ్డి గులాబి, పోర్చులాకా గ్రాండిఫ్లోరా. నాచు పూలన్నా ఇవే. ఆకులు సూదుల్లా గుండ్రంగా ఉంటాయి. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా. అర్జెంటీనాలోని మెండోసా దగ్గర ఇసుక నేలల్లో ఇది పరుచుకుని పూయడాన్ని జాన్ గిలీస్ అనే స్కాట్లండ్ వైద్యుడు చూశాడు. ఊదారంగు పరుపు మధ్యలో అక్కడక్కడా నారింజ రంగు మచ్చలతో ఆ నేల ఎలా ఉందో రాసి పంపాడు. 1829లో విలియం హుకర్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇవి కాక కడియం నర్సరీల నుంచి వచ్చే కుండీల్లో వెడల్పాటి ఆకు, పెద్ద పువ్వు ఉన్న రకాలు కొన్ని కనబడతాయి. అవి చాలావరకు పోర్చులాకా అంబ్రాటికోలా సంతతి. దాన్ని గుర్తుపట్టడానికి పువ్వు కంటే కాయ మంచి ఆధారం. కాయ నడుము చుట్టూ పలచని అంచు ఒకటి వడ్డాణంలా తిరిగి ఉంటుంది.

ఇక రాక్స్‌బర్గ్ సంగతి. 1781 నుంచి 1793 వరకూ సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను గ్రంథస్థం చేసిన విలియం రాక్స్‌బర్గ్ పావిలి కూరలను కూడా వదల్లేదు. దుంప వేరుతో ఉండే ఒక జాతికి పోర్చులాకా ట్యూబరోజా అని పేరు పెట్టింది ఆయనే. గోదావరి జిల్లాల మొక్కలను ఇంత శ్రద్ధగా చూసినవారు ఆ కాలంలో మరొకరు లేరు. ఆయన వెళ్లాక సామర్లకోట తోట బాధ్యత బెంజమిన్ హేన్ చేతికి వచ్చింది. ఆ పేరును కాసేపు గుర్తుంచుకోవాలి.

కూరకు కోసేవాళ్లు పొరపడే మొక్కలు రెండున్నాయి. ఒకటి అంబటిమాడు, తెల్ల గలిజేరు అని కూడా అంటారు. ఇది మొక్కజొన్న చేలల్లో విపరీతంగా పెరుగుతుంది. పావిలి లాగే కండగల ఆకు, ఎర్రని కాండం. అయితే ప్రతి కణుపు దగ్గరా ఉన్న రెండు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తెల్లని పువ్వు ఆకు తొడిమ ఒరలో సగం దాక్కుని ఉంటుంది. దీని కుటుంబం వేరు. రెండోది నానుబాలు జాతి మొక్కలు. కాండం తుంచితే పాలు కారితే అది పావిలి కాదు, వండకూడదు. పావిలిని తుంచితే తేట నీరు, కాస్త జిగురు వస్తాయి తప్ప పాలు రావు.

పువ్వు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పావిలి పువ్వు పొద్దెక్కాక, ఎండ సూటిగా పడుతున్నప్పుడే విచ్చుకుంటుంది. కొన్ని గంటల్లో ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. మబ్బు పట్టిన రోజున కొన్ని మొగ్గలు అసలు విచ్చుకోవు. అయినా లోపల తమ పుప్పొడితో తామే కాయ కడతాయి. పువ్వు కింద పచ్చని రక్షక పత్రాలు రెండే ఉంటాయి. బడిలో మందార పువ్వు కోసి అయిదు రక్షక పత్రాలు లెక్కపెట్టిన పిల్లలకు ఇది వింతగానే ఉంటుంది. అండాశయం కింది సగం తొడిమ కండలో కూరుకుపోయి, పై సగం బయటకు ఉంటుంది.

గడ్డి గులాబి పువ్వులో ఇంకో ముచ్చట ఉంది. ఉదయం పదిన్నర, పదకొండు వేళ ఒంటిరేకు పువ్వును ఎంచుకుని, చీపురు పుల్ల కొసతో కేసరాల గుబురును ఒక పక్క నుంచి మెల్లగా తాకాలి. కేసరాలు కదులుతాయి. పుల్ల తగిలిన దిక్కుకే వంగుతాయి. తేనెటీగ వచ్చి వాలినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అది ఎటు నుంచి తాకితే కేసరాలు అటే ఒరిగి దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. 1977లో జాఫీ, గిబ్సన్, బిరో అనే శాస్త్రవేత్తలు ఈ కదలికను కొలిచి, తాకిన దిక్కుకు వంగడం ఈ పువ్వు ప్రత్యేకత అని రాశారు. అత్తిపత్తి ఆకు ఎటు నుంచి తాకినా ఒకే తీరుగా ముడుచుకుంటుంది, ఈ కేసరాలకు దిక్కు తెలుస్తుంది. ముద్ద పువ్వుల్లో మాత్రం ఇది చూడలేం. వాటిలో కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి. గింజ సరిగా పట్టదు కాబట్టి నర్సరీల్లో వాటిని కొమ్మలు తుంచి గుచ్చి పెంచుతారు.

రంగుల విషయంలోనూ ఈ ప్రజాతి దారి వేరు. శంఖుపువ్వు నీలం, వంకాయ ఊదా ఆంథోసయనిన్ల వల్ల వస్తాయి. లోకంలో ఎక్కువ మొక్కలు వాడేవి అవే. పావిలి వంశంలో ఆంథోసయనిన్లు లేవు. వాటి స్థానంలో బీటలైన్లు అనే వర్ణకాలున్నాయి. బీట్‌రూట్ ఎరుపు, ఎర్ర తోటకూర ఎరుపు, కాగితం పువ్వు రంగు, బ్రహ్మజెముడు పండు రంగు అన్నీ ఆ కోవలోవే. బీటలైన్లలో ఒక రకం ఎరుపు నుంచి ఊదా వరకూ ఇస్తే, ఇంకో రకం పసుపు, నారింజ ఇస్తుంది. గడ్డి గులాబిలో ఈ రెండింటి పాళ్లు మారుతూ తెలుపు, పసుపు, నారింజ, గులాబి, ఊదా అన్నీ వస్తాయి. ఇన్ని రంగులు ఒకే జాతిలో దొరుకుతాయి కాబట్టే, బీటలైన్ల తయారీని ఏ జన్యువులు నడిపిస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ పెరటి పువ్వునే పరీక్షశాలకు తీసుకెళ్లారు.

కాయ ఇంకా అందమైనది. ముదిరిన పావిలి కాయను వేలి కొసతో నొక్కితే, పై సగం కుంకుమ భరిణె మూతలా గుండ్రంగా ఊడి వస్తుంది. అడుగున మిగిలిన గిన్నెలో నల్లని గింజలు నిగనిగలాడుతుంటాయి. ఒక్కో గింజ మిల్లీమీటరు కూడా ఉండదు. భూతద్దం కింద పెడితే మూత్రపిండం ఆకారం, దాని మీద వరసలు తీరిన బుడిపెలు కనబడతాయి. ఆ బుడిపెల తీరును బట్టే పరిశోధకులు ఒలరేసియాలో ఉపజాతులను విడదీశారు. క్రోమోజోముల సంఖ్య కూడా ఒకటి కాదు. 18 ఉన్నవి, 36 ఉన్నవి, 54 ఉన్నవి వేర్వేరు చోట్ల దొరికాయి. పావిలి అని ఒక్క పేరుతో పిలుస్తున్నది నిజానికి ఒక పెద్ద గుంపు.

బాగా ఎదిగిన ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు. ఆ గింజలు నేలలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. మొలవడానికి వాటికి వేడి, తడితో పాటు వెలుతురు కావాలి. కూరగాయ మడిలో కలుపు తీసిన పది రోజులకు పావిలి మళ్లీ పచ్చగా మొలిస్తే కారణం అదే. తొలిక మట్టిని తిరగేసి లోపలి గింజలకు వెలుగు చూపిస్తుంది. పీకిన మొక్కలను గట్టు మీద పడేస్తే వెంటనే చావవు. ఆకుల్లో, కాండంలో దాచుకున్న నీటితో కొన్ని రోజులు బతికి, పచ్చి కాయల్లోని గింజలను పండించుకుంటాయి. ఈలోగా ఒక జల్లు పడితే మళ్లీ వేళ్లు దిగుతాయి. పావిలిని నిజంగా తగ్గించాలనుకునే రైతు పూత రాకముందే పీకి, చేను అవతలకు మోయాలి. దీనికి ఉప్పు నేల కూడా అడ్డు కాదు. మిగతా ఆకుకూరలు ఎదగని చవిటి చోట కూడా నిలుస్తుంది.

ఇంతవరకూ చెప్పినదంతా కంటితో చూడగలిగింది. పావిలిని లోకంలోని మొక్కలన్నిటిలో వేరుగా నిలబెట్టే సంగతి ఆకు లోపల ఉంది.

ఏలూరు చుట్టూ ఉన్న వరిని తీసుకుందాం. వరి ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును రుబిస్కో అనే ఎంజైముతో నేరుగా పట్టుకుని పిండిపదార్థం చేసుకుంటుంది. రుబిస్కోకు ఒక లోపం ఉంది. ఎండ ముదిరినప్పుడు అది బొగ్గుపులుసు వాయువుకు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి మొక్క సంపాదించిన దాంట్లో కొంత పోగొట్టుకుంటుంది. లోకంలో అత్యధిక మొక్కలది ఇదే పరిస్థితి.

మొక్కజొన్న, జొన్న, చెరకు ఈ ఇబ్బందిని దాటాయి. వాటి ఆకుల్లో పని రెండు చోట్ల జరుగుతుంది. బయటి కణాలు ఇంకో ఎంజైముతో బొగ్గుపులుసు వాయువును పట్టి నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఈనెల చుట్టూ ఉన్న లోపలి కణాలకు చేరి, అక్కడ వాయువును వదులుతుంది. రుబిస్కో ఆ లోపలి కణాల్లోనే ఉంటుంది. దాని చుట్టూ బొగ్గుపులుసు వాయువు దట్టంగా ఉంటుంది కాబట్టి పొరపాటుకు అవకాశం తక్కువ. దీన్ని సీ4 పద్ధతి అంటారు. మొక్కల జాతుల్లో సుమారు నూటికి మూడింటికే ఇది ఉంది. ఎండ ఎంత కాస్తే అంత వేగంగా పెరగడం దీని లాభం.

ఎడారి మొక్కల పద్ధతి మూడోది. బ్రహ్మజెముడు, కలబంద, అనాస పగలు పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరైపోతుందని వాటి భయం. చల్లబడిన రాత్రి వేళ తెరిచి, బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లారాక తలుపులు మూసి, దాచిన ఆమ్లం నుంచే వాయువును తీసి వాడుకుంటాయి. దీన్ని క్యామ్ అంటారు. నీరు బాగా మిగులుతుంది, ఎదుగుదల మాత్రం నెమ్మది.

సామర్లకోట బెంజమిన్ హేన్ ఇక్కడ వస్తాడు. భారతదేశంలో పెరిగే రణపాల ఆకును నమిలి చూసి, అది పొద్దున్న బాగా పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని ఆయన 1813లో లండన్ లిన్నేయన్ సొసైటీకి ఉత్తరం రాశాడు. రాత్రి పోగైన మాలిక్ ఆమ్లం పగలు కరిగిపోవడాన్ని ఆయన నాలుకతో పట్టుకున్నాడు. ఎంజైముల మాటే పుట్టని కాలంలో జరిగిన ఈ పరిశీలనను క్యామ్ చరిత్ర రాసేవాళ్లందరూ తలుచుకుంటారు. తెలుగు నేల మీద పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడి పేరు ఇంత పెద్ద విషయంతో ముడిపడి ఉందని ఇక్కడి కళాశాలల్లో చెప్పాలి.

పావిలి మామూలు రోజుల్లో మొక్కజొన్న లాగే సీ4 మొక్క. అందుకే నీరుంటే వారం తిరిగేసరికి మడంతా కమ్ముకుంటుంది. నీరు ఆగితే ఏమవుతుంది? 1980లో కోచ్, కెనెడీ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు నీళ్లు ఆపిన పావిలి ఆకుల్లో రాత్రిపూట ఆమ్లం పెరగడం, పగలు తరగడం గమనించారు. అంటే అది క్యామ్ కూడా చేస్తోంది. మళ్లీ నీళ్లు పోస్తే ఆ పని మానేసి పూర్తిగా సీ4కు వెళ్లిపోతుంది. ఒకే రకం ఎంజైములను ఒక పద్ధతి పగలు, ఇంకో పద్ధతి రాత్రి వాడుతుంది. ఈ రెండూ ఒకే ఆకులో పొసగవని అప్పటిదాకా నమ్మకం. పావిలి ఎలా పొసగిస్తోందో తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎరికా ఎడ్వర్డ్స్ బృందం 2022లో ఆ చిక్కు విప్పింది. ఆకు కణజాలాన్ని చోటు చోటుగా విడదీసి, ఎక్కడ ఏ జన్యువు పనిచేస్తోందో చూశారు. సీ4 ఒక చోట, క్యామ్ ఇంకో చోట జరుగుతాయేమోనన్నది పాత అనుమానం. వారికి కనిపించింది వేరు. రెండు పనులూ ఒకే కణాల్లో జరుగుతున్నాయి. రాత్రి క్యామ్ దాచిన ఆమ్లం పొద్దున్నే సీ4 దారిలో కలిసి లోపలి కణాలకు చేరుతోంది. కరువు తట్టుకునే మొక్కజొన్నను తయారు చేయాలనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని ఆశగా చూస్తున్నారు. ఆ ఆశ తీరడానికి చాలా కాలం పట్టవచ్చు గానీ, రెండు పద్ధతులను ఒకే ఆకులో నడపడం సాధ్యమేనని మాత్రం ఈ కలుపు మొక్క చూపించింది.

చాలాకాలం పాటు ఇలా రెండూ చేసే మొక్కలంటే పోర్చులాకా ఒక్కటే. 2021లో పనామాలోని స్మిత్సోనియన్ పరిశోధన సంస్థకు చెందిన క్లాస్ వింటర్ బృందం ఇంకో సీ4 మొక్కలో కొద్దిపాటి క్యామ్‌ను కనిపెట్టింది. ఆ మొక్క ట్రయాంథీమా పోర్చులాకాస్ట్రం, అంటే మన అంబటిమాడు. రెండూ ఒకే చేలో పక్కపక్కన పెరుగుతాయి.

వంటింటికి సంబంధించి ఇందులో ఒక మాట ఉంది. నీళ్లందక వాడిన మడిలోంచి తెల్లవారుజామున కోసిన పావిలి, సాయంత్రం కోసిన దానికంటే పుల్లగా ఉంటుంది. పప్పులో మామిడికాయ ఎంత వేయాలో దాన్ని బట్టి చూసుకోవచ్చు. పోషకాల్లో ఇది సామాన్యమైన ఆకు కాదు. 1986లో సిమోపౌలోస్, సేలం అనే శాస్త్రవేత్తలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పావిలిని నేల మీద పెరిగే ఒమేగా-3 వనరుగా పరిచయం చేశారు. దానితో పాటు ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఎక్కువే. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు తగ్గించుకోవాలి. మిగతావాళ్లు ఉడికించి నీళ్లు వార్చేస్తే ఆక్సాలేట్లు కొంత పోతాయి.

మనిషితో పాటు ఈ ఆకు తినే ఇంకో ప్రాణి డనైడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుక. మగది నల్లని రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలతో ఉంటుంది. ఆడది నారింజ రంగులో, జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ అనే చేదు సీతాకోకచిలుకను అచ్చం పోలి ఉంటుంది. పక్షులు దాన్ని చూసి ఇదీ చేదేననుకుని వదిలేస్తాయి. గుడ్లు పెట్టడానికి మాత్రం అది పావిలి దగ్గరికే వస్తుంది. ముళ్ల గొంగళి ఆ ఆకులు తినే పెరుగుతుంది.

కోచ్, కెనెడీ చూసిన ఆమ్లం హెచ్చుతగ్గులను చూడటానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. వట్లూరులోనో ఏలూరులోనో డిగ్రీ విద్యార్థులు కుండీలో పెంచిన పావిలికి నీళ్లు ఆపి, ఆకులు వాడు మొహం పట్టాక ఈ పరీక్ష చేయవచ్చు. సూర్యోదయానికి ముందు కొన్ని ఆకులు, సూర్యాస్తమయానికి ముందు కొన్ని ఆకులు కోసి, ఒకే తూకం తీసుకుని, నూరి, నీటిలో మరిగించి వడకట్టాలి. ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసి, పలచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి వదలాలి. గులాబి రంగు నిలవడానికి ఉదయపు రసం ఎక్కువ ద్రావణం అడిగితే అది క్యామ్. పక్కనే రోజూ నీళ్లు పోసిన కుండీ ఒకటి పోలికకు ఉండాలి. దాని ఆకుల్లో ఉదయానికీ సాయంత్రానికీ తేడా చాలా తక్కువ ఉంటుంది. కోసిన ఆకును ఎండలో ఉంచితే ఆమ్లం తరిగిపోతుంది కాబట్టి వెంటనే మరిగించాలి, లేదంటే మంచులో పెట్టాలి.